తాడుతో కట్టిన బ్యాటరీ

బ్యాటరీ ఎంచుకోవడం కూడా ఒక విద్యేనా అని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వాను మరి.

తొంభైల చివరి మాట. మా వాళ్ళంతా సముద్రం మీద బతికేవాళ్ళు. నాకు పడవెక్కితే కడుపులో తిప్పేది. అందుకే వల వదిలేసి ఒక పాత డీజిల్ జీపు కొన్నాను. గాజువాక నుంచి కొండ వెనకాల రాళ్ళ క్వారీకి మనుషుల్నీ సామాన్లనీ చేరవేసేవాణ్ణి. దాన్ని దారి అనడమే ఎక్కువ. బండరాళ్ళ మీద జీపు ఎగిరెగిరి పడేది, ఏడాది తిరక్కుండానే బ్యాటరీ చచ్చేది.

కంచరపాలెంలో బ్యాటరీల దుకాణానికి మా అక్క మొగుణ్ణి తోడు తీసుకెళ్ళాను. బావ మరపడవ మీద వేటకు పోయేవాడు. వేసవిలో వేట ఆపేసే రోజుల్లో మాత్రం నాకు సాయంగా జీపెక్కేవాడు. దుకాణదారు రెండు బ్యాటరీలు చూపించాడు. ఒకటి చిన్నది, కుదుపులకు లోపలి ప్లేట్లు రాలకుండా గట్టిగా అతికించి ఉంటాయన్నాడు. రెండోది లారీ బ్యాటరీ, బాగుచేసింది. రెండూ ఎత్తి చూశాను. బరువున్నదే గట్టిదని నా లెక్క.

"అది నీ బండిలో పట్టదు బావా, క్లాంపు బిగదు" అన్నాడు బావ.

"తాడుతో కడతాను."

"తాడేటి బావా! పడవ ఊగుద్ది, జీపు ఎగురుద్ది. రెండూ ఒకటేటి? సిన్నదే తీస్కో, నాను సెప్తన్నాను."

"తుపానులో పడవల్ని ఆపిన ముడి మనది. ఐదేళ్ళు రాకపోతే మీసం తీసేత్తాను" అని నలుగురిలో గొప్పకు పోయాను. లారీ బ్యాటరీయే కొన్నాను. రాజు కంటే మొండివాడు బలవంతుడు కదా!

మరుసటి వేసవికల్లా కారిన యాసిడ్‌కు తాడు చివికింది. వదులైన బ్యాటరీ రాళ్ళ మీద గంతులేసి లోపలి ప్లేట్లు రాల్చుకుంది. తాళం తిప్పితే 'టిక్' మనేది, అంతే. కొత్తది కొంటే బావ మాటే నెగ్గినట్టవుతుందని కొనలేదు. ఎక్కడ ఆపినా వాలులోనే ఆపేవాణ్ణి. ముందు చక్రం కింద బావ రాయి పెట్టేవాడు. బయల్దేరేటప్పుడు రాయి తీసి పక్కకు గెంతేవాడు. నేను బ్రేకు వదిలేవాణ్ణి, బండి దొర్లి ఇంజను అందుకునేది.

ఇంకో వారంలో వేట మొదలు. బావ పడవకు రంగులు కూడా వేశారు. ఆ మధ్యాహ్నం క్వారీలో రాయి చక్రం కింద ఇరుక్కుపోయింది. బావ కాలితో తంతున్నాడు. ఎండకు నా తల పేలిపోతోంది. "ఎంతసేపు బావా, బేగి తియ్యి!" అని కసిరాను. రాయి కదిలింది. బావ కాలు వెనక్కి తీసుకోకముందే బ్రేకు వదిలేశాను.

ఆ కాలు మీద నుంచే జీపు దొర్లింది. ఛీ, ఆ ఒక్కసారీ ఇంజను ఎంత చక్కగా అందుకుందో!

అదే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. లోపల డాక్టర్లు కాలు ఉంచాలా తీసెయ్యాలా అని చూస్తుంటే, నేను బయట ఇంజను ఆపకుండా నిలబడ్డాను. ఆపితే మళ్ళీ కదలదు. పెద్దాసుపత్రికి పొమ్మంటే? ఎక్కడికీ పొమ్మనలేదు. మోకాలి కింద తీసేశారు.

మర్నాడు పొద్దున్న అక్క నన్ను పట్టుకుని ఊపేసింది. "ఎలగయ్యిందిరా? సెప్పరా!"

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి బావ అన్నాడు: "నా తప్పేనే. రాయి తీత్తంటే కాలు జారిపోనాది."

వారానికి పడవలు వెళ్ళాయి. అలల మీద వల లాగాలంటే రెండు కాళ్ళూ ఆనాలి. బావ మళ్ళీ పడవెక్కలేదు. ఒడ్డున కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు అల్లుతాడు.

అక్కకు కోపం వస్తే ఇప్పటికీ అంటుంది: "ఒళ్ళు సూసుకోడం సేతకాని మొగుడు దొరికినాడు, నా కరమ!" నేను వెళ్తే మాత్రం మంచి చేప ముక్క నాకే వేస్తుంది. ఆమె ఆ మాట అన్నప్పుడు బావ నా వైపు చూడడు. చూస్తే నేను నిజం కక్కేస్తానేమో, అక్కకు తమ్ముడు లేకుండా పోతాడేమో అని అతని భయం. పిచ్చి బావ, అనవసరంగా భయపడతాడు. నాకంత ధైర్యం ఎప్పుడూ రాలేదు.