ధార పడని మోటారు

"అత్తా, ఇంక మీరేం సెప్పొద్దండి. రేపు పొద్దున పాత సామాన్లోడు వస్తాడు. మోటారు వానికి ఎత్తిచ్చేస్తా."

"ఇయ్యప్పా, ఇయ్యి. దాంతోపాటు నన్ను గూడా తక్కెట్లో పెట్టు. ఏటికి అవతల తవ్విపెట్టిన ఉల్లిగడ్డల్ని ఈదుకుంటా పోయి తెస్తావా?"

"ధార రాని మోటారు ఏసుకొని పోతే నడిమేట్లో పట్టేస్తాది. అప్పుడెట్లా ఈదాల్సిందే, ఇద్దరమూ."

"ఐదు నిమిషాలు తిప్పి సూడరా అంటే ఒక్క నిమిషానికే ఆపేస్తాండావు. పిరికోడా!"

అతను నా తమ్ముడు. నా కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి అల్లుడు కూడా. మా వైపు ఇది మామూలే. ఎప్పుడూ అక్కా అనే పిలుస్తాడు, నువ్వు అనే అంటాడు. కోపం వస్తే మాత్రం నేను అత్తనైపోతాను, మర్యాద పెరిగిపోతుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ అత్తా, మీరు అంటూనే ఉన్నాడు.

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న నా కూతురు తలెత్తింది. "అమ్మా, నువ్వు కొట్లాడేది నీ తమ్మునితోనా, నా మొగునితోనా? అది తేల్చు. నేనెవరి పక్క మాట్లాడాలో తెలుస్తాది."

"నోరు మూసుకొని చెరుగు" అన్నాం ఇద్దరమూ.

మా ఊరు ఎమ్మిగనూరుకు పైన, తుంగభద్ర ఒడ్డున ఉంది. మా చేనేమో అవతలి ఒడ్డున. ఎండాకాలంలో నడిచే దాటుతాం. డ్యాము నీళ్లు వదిలితే పడవే దిక్కు. పడవ వెనక తగిలించే ఆ మోటారు నా కూతురి కన్నా వయసులో పెద్దది. రంగు ఎప్పుడో పోయింది. అయినా ఒక వస్తువు ఎందుకు పనిచేయడం లేదో తెలిసేదాకా నేను దాన్ని గడప దాటనివ్వను.

మోటారు కింది భాగం నీళ్లలో మునిగి ఉంటుంది. అందులో ఒక చిన్న రబ్బరు చక్రం తిరుగుతూ ఏటి నీళ్లను పైకి తోస్తుంది. ఆ నీళ్లు ఇంజన్ చుట్టూ తిరిగి, దాన్ని చల్లబరిచి, మళ్లీ కిందికే పోతాయి. కొన్ని మాత్రం పక్కనున్న చిన్న రంధ్రంలోంచి ధారగా బయటికి చిమ్ముతాయి. ఆ ధార కనిపిస్తే లోపల అంతా బాగున్నట్టు. పడవల వాళ్లు దాన్ని "మోటారు ఉచ్చ పోస్తాంది" అంటారు. మనవరాళ్లు వింటారని నేను ధార అనే అంటాను.

ఎండాకాలమంతా మేకల కొట్టంలో ఉన్న మోటారును తీసి, నీళ్ల డ్రమ్ముకు తగిలించి తిప్పితే ధార పడలేదు. తమ్ముడు కింద నీళ్లు పీల్చే జల్లెడ కడిగాడు. రాలేదు. ఆ కింది భాగం విప్పి, గోనెసంచిలో చుట్టి, బస్సులో ఆదోనికి మోసుకుపోయాడు. జిన్నింగు మిల్లుల మోటార్లు బాగుచేసే మనిషి చేత కొత్త రబ్బరు చక్రం వేయించుకొచ్చాడు. అయినా రాలేదు. ఏట్లో నీళ్లు రాకముందు తవ్విన ఉల్లిగడ్డలు చేన్లో ఆరుబయట కుప్పగా పడి ఉన్నాయి. పైన మబ్బు కమ్ముతోంది. తడిస్తే కుళ్లిపోతాయి.

"సరే, రేపు ఎత్తిచ్చేదే గదా" అన్నాను. "ఇప్పుడు కాలిపోతే నీకేం నష్టం? కాలిన ఇనుమూ అంతే బరువు తూగుతాది. తిప్పు ఐదు నిమిషాలు."

తిప్పాడు. ఐదు నిమిషాలయ్యాక నేను తడి వేళ్లతో ఇంజన్ తల మీద నీళ్లు చిలకరించాను, రొట్టెల పెనం కాగిందో లేదో చూసినట్టు. చుంయ్ మనలేదు.

"సూడు, పెనం కాగలేదు. నీళ్లు లోపల తిరుగుతాండాయి. ఆ రంధ్రం ఒక్కటే మూసుకున్నట్టుంది. నువ్వు కొట్టంలో ఎట్లబడితే అట్ల పడేస్తే కందిరీగలు మట్టిగూడు కట్టవా మరి!"

"రొట్టెల పరీక్షలు ఇంజన్‌కు సెల్లవు అత్తా. ధార కండ్ల పడందే నేను పడవ తీయను." విసురుగా వెళ్లిపోయాడు.

సాయంత్రం పొయ్యి మీద నుంచి అన్నం గిన్నె దించుతుంటే చెయ్యి చురుక్కుమంది. చూస్తే మసిగుడ్డకు ఒక మూల లేదు. నా పాత ఆకుపచ్చ చీర ముక్క అది. మూల ఏమైందా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలం మొదట్లో, కందిరీగలు గూడు కట్టకుండా, ఆ మూల చించి మోటారు రంధ్రంలోకి పుల్లతో లోపలికంటా దూర్చింది నేనే.

ఎవరికీ చెప్పకుండా లాగేద్దామా అనిపించింది. కానీ అంతకుముందే అతన్ని అనరాని మాటలన్నాను. మసిగుడ్డ పట్టుకొని అరుగు మీదికి వెళ్లాను.

"ఏందిది?"

"మసిగుడ్డ."

"అది కనపడతానే ఉంది."

"దీని మూల యాడుందో సెప్పుకో సూద్దాం."

గుడ్డను చూశాడు, నన్ను చూశాడు, కొట్టం వైపు చూశాడు. తర్వాత అరుగు మీద కూలబడి, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఆదోనికి మోసుకొని పోతి గదే! బస్సులో కండక్టరు గూడా కసిరె!"

"పోనీలే, చక్రం కొత్తదైంది. ఇంకా చాలా ఏండ్లు వస్తాది."

"ఏం అత్తా..."

"అత్త అంటే అన్నం పెట్టను."

మరుసటి రోజు పొద్దున్నే పిన్నీసు వంచి గుడ్డ లాగాను. మోటారు తిప్పగానే ధార ఎగిరి నా చీర తడిపింది. పాత సామాన్లవాడు వచ్చాడు. అతనికి ఓటి బిందె ఒకటి ఇచ్చి పంపాం. తమ్ముడు పడవను నీళ్లలోకి తోసి, "ఎక్కు అక్కా" అన్నాడు. వాన మొదలయ్యేలోపు మూడుసార్లు తిరిగి ఉల్లిగడ్డలన్నీ ఇవతలికి చేర్చాం. ఆ గుడ్డ ముక్కను ఉతికి ఆరేశాను.