ఎలీసమ్మ ఎత్తిన ఫోను

ఆ ఫోను కొన్న దగ్గర్నుంచి ఎలీసమ్మకు కుదురు లేదు. అద్దంకి పక్క పాలెంలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళ మిరపకోత ముఠాకు ఆమే మేస్త్రి. అంతకుముందు పని కోసం కాళ్ళరిగేలా ఊరూరా తిరిగేది. 2005లో పాత సెల్లు ఒకటి కొన్నాక పనే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కాకపోతే పాలెం మొత్తానికి సిగ్నలు దొరికేది చర్చి అరుగు మీదే. సాయంత్రమైతే చాలు, కూర పొయ్యి మీదే వదిలేసి అక్కడ కాపలా కూర్చునేది. "ఆ ఫోన్నే కట్టుకోకపోయావా" అని మొగుడు జోసఫ్ దెప్పేవాడు.

రైతులేమన్నా తక్కువ వాళ్ళా? రూపాయి ఖర్చు కాకుండా మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్ళు. ఒక్క కాల్ వస్తే రేపు రమ్మని, వెంటవెంటనే రెండొస్తే వద్దని. తిరిగి అడుగుదామంటే ఆమె ఫోన్లో బాలెన్సు ఉండి చస్తేగా. ఇక కూలి సంగతి, సాయంత్రం చేలో ఆ రైతు ఎంత చెబితే అంత. మోగి ఆగిపోయే ఫోన్ని కూలి ఎంతని అడగడం ఎవరి తరం?

మబ్బు పట్టిన ఒక సాయంత్రం వెంకటనారాయణ నంబరు నుంచి రెండు కాల్స్ వచ్చాయి. ఆయనది పదెకరాల మిరప, రెండు నెలల పని. వద్దన్నాడు కదా అని ఎలీసమ్మ మర్నాడు ముఠాను పత్తి తీతకు తీసుకెళ్ళింది.

మధ్యాహ్నానికి ఆయన బండేసుకుని ఆ పత్తి చేలోకే వచ్చిపడ్డాడు.

"ఏమే, పండుకాయ చెట్టునుంది, వాన మీదికొస్తోంది. నువ్విక్కడ పత్తి తీస్తున్నావా?"

"రెండుసార్లు చేశారు కదండీ."

"మొదటిది మోగకముందే తెగిందనుకుని మళ్ళీ చేశాను. రేపట్నుంచి వేరే ముఠాను పెట్టుకుంటా."

రెండు నెలల తిండి పోతోంది. ఎలీసమ్మ కాళ్ళావేళ్ళా పడదామనే అనుకుంది. కోపం ముందొచ్చింది.

"రూపాయి పెట్టి ఒక్క మాట మాట్లాడితే ఇంత దూరం వచ్చేదా? ఇక మిస్డ్ కాల్స్‌కి మేం రామండీ. మాట్లాడితేనే వస్తాం."

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. "కొంప ముంచావు కదక్కా" అంది ముఠాలోని జయకుమారి.

ఆ సాయంత్రం ముఠా అంతా చర్చి అరుగు మీదే ఉంది. ఎలీసమ్మ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. వేరే ముఠా దొరికేసి ఉంటుందని తనను తానే తిట్టుకుంది. ఇంతలో ఫోను మోగింది, వెంకటనారాయణ నంబరే. ఇప్పుడు కట్ చేస్తాడు, ఇప్పుడు కట్ చేస్తాడు అని చూసింది. అది మోగుతూనే ఉంది. ఎత్తింది.

"ముఠాలేవీ ఖాళీగా లేవు, పొద్దున్నే ట్రాక్టరు పంపుతున్నా" అన్నాడు వెంకటనారాయణ ముక్తసరిగా.

పెట్టేస్తాడేమోనని ఎలీసమ్మకు భయం వేసింది. అయినా ఇన్నేళ్ళలో పనికి వెళ్ళకముందు ఏ రైతునూ అడగలేని మాట గబగబా అడిగేసింది.

"కూలి ఎంతిస్తారో ఇప్పుడే చెప్పండి."

ఆయన కూలి ఎంతో చెప్పాడు. ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, ఆ మాట అందరికీ వినిపించేలా చెప్పి, "వెళ్దామా?" అని ముఠాను అడిగింది. వాళ్ళు తేల్చేదాకా వెంకటనారాయణ లైన్లోనే ఉన్నాడు.