ముడుపులో చిక్కిన జామీను

మా బావ రాయమల్లుకు కోపం వస్తే దున్నపోతులు కూడా పక్కకు జరిగేవి. నేను ఆరో తరగతితోనే బడికి సెలవిచ్చినవాణ్ని, అయినా ఆ రోజు కరీంనగర్ కచేరీలో నా మాట విని ఉంటే బావ సర్పంచ్ అయ్యేవాడు.

అరవై నాలుగులో ఒక్క ఓటుతో ఓడిపోయాడు. అవతలివాడికి పడ్డ ఓట్లలో రెండు చచ్చిపోయినవాళ్లవి. ఒకటి కొమురవ్వది. రెండోది, ఐదేళ్ల కింద పోయిన మా బావ తల్లి ఐలవ్వది. అవి తీసేయిస్తే గెలుపు బావదే.

ఎన్నిక మీద కేసు వేస్తామంటే వకీలు జగపతిరావు ముందే చెప్పాడు. "ముప్పై దినాలల్ల అర్జీ పడాలె. ఓడితే అవుతలోని ఖర్చులకు వంద రూపాయల జామీను ట్రెజరీల కట్టి, రసీదు జతచెయ్యాలె. గా పైసలు ముట్టకుండ పక్కకు పెట్టు."

బావ పెట్టాడు. పసుపుగుడ్డలో మూటగట్టి, కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టి, దూలానికి వేలాడదీశాడు. కేసు గెలిచాక గుడిలోనే విప్పాలని మొక్కు. మాకెవరికీ చెప్పలేదు.

సాక్షుల వేలిముద్రలకే ఇరవై తొమ్మిది రోజులు పట్టాయి. ముప్పయ్యో రోజు శనివారం. కచేరీ గుమాస్తా రసీదు అడిగితే బావ మూట చూపించాడు.

"నాకు చూపిస్తే ఏమొస్తది? ట్రెజరీల కట్టుండ్రి. ఒంటిగంటకు బంద్."

"ముడుపు ఇప్పరాదు."

ఉక్కు గొలుసునైనా పళ్లతో విప్పగలవాణ్ని నేను, మూట మీదికి వంగాను. బావ నా మెడ పట్టుకున్నాడు.

"బావా, అంజన్న నీ వంద రూపాయలకు పరేషాన్ అయితుండా?"

"నోరు మూయ్. మొక్కంటే నీకేం ఎరుక?"

వకీలు తల పట్టుకున్నాడు. "రాయమల్లూ, పక్కకు పెట్టుమన్న గని దేవుని చేతుల పెట్టుమంటినా?"

చివరికి బావ ఒక్క మెట్టు దిగాడు. కరీంనగర్‌లోనే ఉన్న హనుమాన్ గుడిలో పూజారి సరేనంటే విప్పుతాడట. శనివారం కదా, వరుస మానేరు ఒడ్డు దాకా ఉంది. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. పూజారి ఒక్క మాటలో తేల్చాడు. "ఇప్పుకో నాయినా, మల్ల కట్టుకో."

నేను పరుగెత్తిన వేగానికి టాంగా గుర్రం సిగ్గుపడి నిలబడిపోయింది. అయినా ట్రెజరీ కిటికీ మూసే ఉంది.

"సోమవారం తెస్తం," అన్నాడు బావ గుమాస్తాతో.

"సోమవారం ముప్పై రెండో దినం. రసీదు లేని అర్జీ నేను తీసుకోను."

బావ వకీలు వైపు తిరిగాడు. "సచ్చినోళ్ల ఓట్లు ఏయించుకున్నోనికి గడువు లేదా సాబ్?"

"ఉన్నది. ఐదేండ్లు."

సాయంత్రం బస్సు దిగగానే కొత్త సర్పంచే ఎదురయ్యాడు. "పోయిన పని అయ్యిందా, మామా?"

"కాలే," అన్నాడు బావ. ఆ ఒక్క ముక్క అబద్ధమాడితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాడు ఆ రాత్రంతా హాయిగా నిద్రపోయి ఉంటాడు.