ప్రొఫెసర్ గారిని స్ట్రెచర్ ఎక్కించిన రోజు

మెడికల్ కాలేజీలో పాఠాల తీరు మార్చబోయి, పాఠం చెప్పే ప్రొఫెసర్నే స్ట్రెచర్ మీద ఊరేగించిన ఘనురాలిని నేను. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నవ్వనిది నేనొక్కదాన్నే.

సికింద్రాబాద్‌లో ఎంబీబీఎస్ చదివే రోజులు. ఏ పాఠం ఎలా చెప్పాలో తేల్చే కమిటీలో విద్యార్థుల తరఫున ఒకరుండాలన్నారు. గొంతు పెద్దదన్న ఒకే ఒక్క అర్హత చూసి మావాళ్లు నన్ను ముందుకు తోశారు.

ప్రిన్సిపాల్ గారి ముందు జరిగిన తొలి సమావేశంలోనే నేను లేచి, ఎన్నికల సభలో నాయకుడిలా చెయ్యూపుతూ, "సార్, రోగాల గురించి చెబుతున్నారు, రోగితో మాట్లాడడం నేర్పడం లేదు. మీరు రోగుల్లా నటించండి. మేం ప్రశ్నలడిగి నేర్చుకుంటాం" అన్నాను.

మెడిసిన్ ప్రొఫెసర్ ఇమ్మానుయేలు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి మనిషి. ఆయన మాట్లాడే తెలుగు అచ్చం పుస్తకంలోదే.

"అడగమ్మా" అన్నారు.

"ఏమైందండీ?" అన్నాను దర్జాగా.

"ఏం జెప్పాలె బిడ్డా! పొద్దుగాల బన్సీలాల్‌పేట్ల బండి తోల్తుంటే ఛాతిల బరువు షురువైంది. జెర సేపు కూసుంటే తగ్గుతదనుకున్న. తగ్గుతలేదు."

ఆయన భుజాలు వంగిపోయాయి, గొంతు మారిపోయింది. నా ఎదుట ప్రొఫెసర్ లేరు, భయాన్ని దాచుకుంటున్న బండివాడున్నాడు.

"ఇంట్ల చెప్పలే బిడ్డా, పరేషాన్ అయితరని..." అంటూ కుర్చీలో ఒరిగిపోయారు.

"అయ్యో! సార్‌కి హార్ట్ ఎటాక్!" అని అరిచాను.

"ఆగమ్మా, అది నటన..." అని ప్రిన్సిపాల్ గారు అనేలోపే వరండా దాటేశాను. ఏడుస్తూ వెళ్లి వార్డుబాయ్‌లను, స్ట్రెచర్‌ను ఈడ్చుకొచ్చాను. నా ఏడుపు చూసి వాళ్లు మారు మాట్లాడకుండా సార్‌ను ఎత్తి పడుకోబెట్టి పరుగెత్తారు. క్యాజువాలిటీ గుమ్మం దగ్గర సార్ ఒక కన్ను తెరిచారు.

"ఏందీ బిడ్డా, నా పేరు సుత అడగకపోతివి?"

క్యాజువాలిటీ అంతా గొల్లున నవ్వింది. నేల చీలితే దూకేద్దును.

సార్ దిగి చొక్కా సర్దుకున్నారు. "అంత నిజంగా ఎలా చేశారు సార్?" అన్నాను.

"నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకాయన ఇలాగే చెప్పాడమ్మా. నేను ఈసీజీ చూసే తొందరలో సగమే విన్నాను. ఆయన బతకలేదు. ఆ మాటలు మాత్రం ఇప్పటికీ నా చెవిలోనే ఉన్నాయి."

చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఇన్నేళ్లూ ఒక బండివాణ్ణి గుండెలో మోస్తూ పాఠాలు చెప్పారా ఈయన!

తిరిగి కమిటీలో కూర్చున్నాక ప్రిన్సిపాల్ గారన్నారు: "ఈ పాఠం పెట్టాల్సిందే. ఎంత అవసరమో ఈ అమ్మాయే రుజువు చేసింది."

కాబట్టి సమస్త వైద్యలోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పేరడగకుండా, నాడి చూడకుండా ఈ జన్మలో ఇంకే ప్రొఫెసర్నీ స్ట్రెచర్ ఎక్కించను.