కాటాకు అబద్ధం నేర్పినవాడు

మా బావ పిచ్చుకను కాటా మీద పెట్టి ఏనుగంత బరువు చూపించగలడు. నమ్మకపోతే మీ ఇష్టం. చెంబెడు నీళ్లు తూచి చెరువంత లెక్క చెప్పించిన రోజూ ఉంది, పక్కన నేనే ఉన్నాను. కొట్లలో కాటాలు బాగుచేయడం ఆయన పని. అందరూ ఆయన్ను కిలోరాయి అంటారు. మనిషీ అలాగే ఉంటాడు, తోస్తే దొర్లేట్టు.

అంతటి రాయికీ భయం పట్టుకుంది. పొట్టలో కుడిపక్క బరువుగా ఉందని స్కాన్ తీయించుకుంటే, కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు.

“మందు తాగుతారా?” అని అడిగింది డాక్టరమ్మ.

“టీ తప్ప ఏమీ ముట్టనండి.”

“పుట్టినప్పుడు ఎలా ఉండేవారు?”

వెంట వచ్చిన వాళ్లమ్మ ఉప్పొంగిపోయింది. “అరచేతిలో పట్టేవాడమ్మా, ఎలకపిల్లలా. డబ్బాపాలల్లో పంచదార పోసి పోసి, ఏడాది తిరిగేసరికి గుమ్మడికాయను చేశాను!”

డాక్టరమ్మ నవ్వలేదు. కడుపులో ఉండగా పోషణ చాలని బిడ్డ ఒళ్లు, దొరికింది దొరికినట్టు దాచుకోవడానికి అలవాటు పడుతుందట. అలాంటి బిడ్డను తీపి పట్టి గబగబా లావెక్కిస్తే, పెద్దయ్యాక ఊబకాయం, కాలేయంలో కొవ్వు వచ్చే ముప్పు పెరుగుతుందట. “అందరికీ వస్తుందని కాదు. తిండి సరిచేసుకుని నడిస్తే మీకూ తగ్గుతుంది” అని కూడా అంది. ఆ రెండో ముక్క బావ చెవికెక్కలేదు. ఇంట్లో నెల నిండని కూతురుంది. అదీ ఎలకపిల్లే.

ఇంటికి రాగానే వాళ్లమ్మ పాలడబ్బా మూత తీసింది.

“వద్దమ్మా!”

“నిన్ను పెంచలేదట్రా? గాలొస్తే ఎగిరిపోయేట్టుంది పిల్ల. బరువు వచ్చేదాకా ఆపేది లేదు.”

బరువు అన్న మాట దగ్గరే బావ బుర్ర పనిచేసింది, పాడు బుర్ర. అమ్మతో వాదించే దమ్ము లేక కాటాను పట్టుకున్నాడు. కరెంటు కాటాకు సరైన రాయి పెట్టి, ఇది కిలో అని నేర్పాలి. ఈయన ఆకురాయితో అరగదీసిన రాయి పెట్టి, ఇదే కిలో అని నేర్పాడు. ఖాళీగా ఉంటే సున్నాయే. పాపను పడుకోబెడితే మాత్రం బొద్దుపాప! వాళ్లమ్మ మురిసిపోయి డబ్బా అటకెక్కించింది.

ఆ అంకె చూసి మా అక్కకూ గుండె కుదుటపడింది. పాలు తాగుతూ పాప మధ్యలో నిద్రపోతే లేపడం మానేసింది. “బరువు బాగానే ఉందిగా, పడుకోనీ.”

నిజం చెబితే డబ్బా అటక దిగుతుంది. చెప్పకపోతే? బావ మాటిమాటికీ పాప ఒళ్లు తడిమేవాడు. పక్కటెముకలు వేళ్లకు తగిలేవి. వెంటనే తన పొట్ట తడుముకునేవాడు.

“ఏం బావా, పిల్లను బేరానికి పెట్టావా?” అన్నాను. నా జోకుకు నవ్వకపోవడం ఆయన జన్మలో అదే మొదలు.

ఒక సాయంత్రం పాప ఏడుపు మానేసింది. అరికాలు గిల్లినా కళ్లు తెరవలేదు. పెదాలు ఎండిపోయాయి. ఆసుపత్రికి పరుగెత్తాం. దారంతా బావ పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకునే ఉన్నాడు, ఊపిరి తగులుతోందా లేదా అని. అక్కడ నర్సు తూచి ఉలిక్కిపడింది.

“ఇంత తక్కువేంటమ్మా!”

అక్క గయ్యిమంది. “మీ కాటాయే తప్పు! మా ఆయన చేతి కాటా అబద్ధం చెప్పదు!”

బావ గోడకు ఆనుకున్నాడు. నేను చూస్తుండగానే మొహం సున్నం కొట్టినట్టయింది.

“చెబుతుందే. నేనే నేర్పాను.”

అక్క ఆయన వైపు చూసిన చూపుకి ఏ కాటా అయినా విరగాల్సిందే.

పాప దక్కింది. “లావెక్కించడం వేరు, పెంచడం వేరు” అంది డాక్టరమ్మ. “నిద్రలేపి మరీ తల్లిపాలు పట్టండి. పంచదార ఊసెత్తకండి. తూకం మాత్రం నిజంగా తూచండి.”

ఇప్పుడు పాపను తూచే ముందు బావ అసలు కిలోరాయి పెట్టి వాళ్లమ్మకు చూపించాలి. అది అక్క పెట్టిన షరతు. అంకె మెల్లగా ఎక్కుతోంది. ఎక్కకపోతే బావకు భయం. గబుక్కున ఎక్కినా భయమే.

ఇదంతా రాసి ఆయనకే చదివి వినిపించాను. పానా కింద పెట్టి అన్నాడు:

“పిచ్చుకా లేదు, ఏనుగూ లేదు. నా కూతురి బరువు తప్పు చూపించాను. ఇప్పుడు ఉన్నదే చూపిస్తున్నాను.”