ఉత్త నీళ్ళ బాన

“ఆ పొద్దు బావి నీళ్ళే బాగలేవు.”

“నీళ్ళు కాదయ్యా, నువ్వు బానకు పట్టించిన కుంకుడు రసం.”

“నోరు ముయ్యవే, నర్సమ్మ ఇంటాది.”

చిత్తూరు ఆసుపత్రిలో నేనూ మా ఆయనా చివరగా అనుకున్న మాటలు ఇవే. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిగాడనుకుని కాఫీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ప్రాణం లేదు. పోయే మనిషి పిల్లల గురించి ఒక మాట చెబుతాడు, కనీసం మంచినీళ్ళు అడుగుతాడు. ఈయన చేపల గురించి వాదించి పోయాడు. ఉన్నదున్నట్టు రాయవే కోడలా. నాకు సంతకం దాకానే చదువు. అందుకే నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు రాస్తోంది.

మాది నగరిలో నూలుకు రంగు వేసే ఇల్లు. రంగు పట్టాక మిగిలిన నీళ్ళు కాలువలోకి వదిలేవాళ్ళం. ఆ కాలువ కలిసే చెరువులో చేపలను నా తమ్ముడు వేలంలో పాడుకున్నాడు. ఒక ఏడాది అవన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. “నీ రంగుపొడే సంపింది బావా” అని వాడు, “నా పొడి కాదబ్బా, నీ కర్మ” అని ఈయన. ఆనాటి నుంచి తమ్ముడు మా గడప తొక్కలేదు. పుట్టింటివాళ్ళంటూ నాకు మిగిలింది వాడొక్కడే. ఈ మొగుడికి అది పట్టదు.

సరిగ్గా అప్పుడే తిరుపతి కాలేజీ నుంచి ఒక సారు వచ్చాడు. ఆ పొడి నీళ్ళలోని జీవాలకు ఎంత చేటో చూసి, ఎక్కువ విషమా, ఒక మాదిరా, తక్కువా అని వరుస తేల్చడం ఆయన పని. మా ఊరి నీళ్ళూ మా ఊరి చేపలే కావాలన్నాడు. మా పంచలోనే గాజు తొట్లు పెట్టాడు. ఒక్కో తొట్టిలో ఒక్కో కొలత రంగుపొడి, అన్నింటిలోనూ చేపపిల్లలు. పోల్చి చూసేందుకు ఒకదానిలో మాత్రం ఉత్త నీళ్ళే ఉండాలన్నాడు.

వీధి పెద్దల ముందు మా ఆయన రొమ్ము చరిచి చెప్పాడు. “పొడికి చేపలు సస్తే పెరట్లో గుంట తవ్వి రంగునీళ్ళు ఆడనే పోస్తా. సావకపోతే నా బామ్మర్ది నోరు మూసుకోవాల.”

బస్సులో ఒక గాజు తొట్టి పగిలింది కాబట్టి ఉత్త నీళ్ళకు పాత్ర తక్కువైంది. “మా మట్టిబాన ఉండాది సారూ” అని ఈయనే ముందుకు దూకాడు. మా ఇళ్ళలో తెల్లనూలు పెట్టే బానకు పాత రంగు అంటకూడదని ముందురోజే కుంకుడు రసం పట్టించి నానబెడతారు. ఉత్త నీళ్ళంటే తెల్లనూలు లాంటివే అనుకున్నాడు మహానుభావుడు. ఎవరినీ అడగకుండా ఆ బానకూ రసం పట్టించాడు. రసమంతా బాన పీల్చుకుంది.

పొద్దున లేచి చూస్తే అన్నిటికంటే ముందు ఉత్త నీళ్ళలో చేపలే చచ్చాయి! సారు తల పట్టుకున్నాడు. “ఇవే చచ్చిపోతే, మిగతావి పొడితో చచ్చాయని ఎలా చెప్పేదమ్మా? అంతా దండగ.”

మా ఆయన వీధిలోకి పరిగెత్తాడు. “ఉత్త నీళ్ళల్లోనే సచ్చినాయి! నా పొడిదేం తప్పుండాది?”

అటుగా పోతున్న తమ్ముడు ఆగాడు. “అంటే మీ ఇంట్లో ఉత్త నీళ్ళు గూడా ఇసమేనా బావా? మా అక్క ఇన్నాళ్ళు ఎట్ల బతికిందబ్బా!” అని, నావైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

నేను బాన వంచి పారబోస్తుంటే నురగ లేచింది. సారును పిలిచి చూపించాను. కుంకుడు చేపలకు చేటు అని ఆయన అప్పుడు చెప్పాడు. మా ఆయన ఒప్పుకోడే! “మన తలలకు రుద్దుకుంటాం, మనం సచ్చినామా?”

మళ్ళీ చేపపిల్లలు దొరకాలంటే వానలు పడేదాకా ఆగాల్సి వచ్చింది. ఈసారి తమ్ముడే వల వేసి పట్టి, గడప బయట దింపి పోయాడు. సారు అన్నీ గాజు తొట్లే తెచ్చాడు. ఉత్త నీళ్ళలోవి చివరిదాకా ఈదుతూనే ఉన్నాయి. పొడి ఎక్కువ కలిపిన నీళ్ళలోవి సాయంత్రానికే తేలాయి. తక్కువ కలిపిన వాటిలోనూ కొన్ని వంకరగా తిరిగి తిరిగి చచ్చాయి. నీళ్ళలోని జీవాలకు ఎక్కువ విషం అని తేల్చి, పొడి డబ్బా మీద ఆ మాట అచ్చు వేయమని కంపెనీకి రాస్తానన్నాడు సారు.

“అచ్చేస్తే చేపలు సదువుకుంటాయా సారూ?” అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. “చేపలు కాదు, నువ్వు సదువుకో. పెద్దల ముందర ఇచ్చిన మాట ఏమైంది?”

కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత ఒక రోజు పార తీసుకుని పెరట్లో దిగాడు. ఎవరైనా అడిగితే పేడ గుంట అని చెప్పాడు. “మనకు గొడ్డే లేదు గదయ్యా, పేడ యాడిది?” అంటే ఇంకో పారెడు మట్టి ఎత్తి పోశాడు.

కాలువలో రంగు ఆగిందని తెలిసి తమ్ముడు వచ్చాడు. పెరట్లోకి తొంగిచూశాడు. “గుంట బాగా తవ్వినావే బావా.”

“పేడకబ్బా.”

“ఊ. ఎర్ర పేడ!”

ఇద్దరూ నవ్వుకున్నారు. నాదే తప్పు అనే మాట మాత్రం ఈయన నోట రాలేదు. నేను వంటింట్లో గిన్నెలు దబదబా పడేస్తూ ఇద్దరినీ తిట్టుకున్నాను. ఇన్నాళ్ళు నన్ను ఏడిపించి, ఇప్పుడు నవ్వులా! వెళ్ళి ఆకు వేశాను. తమ్ముడు కూర్చుని, రెండోసారి కూడా అన్నం పెట్టించుకుని తిన్నాడు.

ఆ మాట రాశావా? మీ నాయన మా ఇంట్లో అన్నం తిన్నాడని? ఏదీ, మొదటినుంచి చదువు. గట్టిగా చదవవే, వింటాను.