మావయ్య వాతావరణ వార్తలు

మా మావయ్య ఇంట్లోకి ఎవరు ఎప్పుడు అడుగు పెట్టినా టీవీలో వాతావరణ వార్తలే వస్తుంటాయి. బెల్లు మోగే దాకా అక్కడ ఏం వస్తుంటుందో వీధిలో అందరికీ తెలుసు. నీలం చెడ్డీ వేసుకున్న ఒక కండల మనిషి మేడల మీద ఎగురుతుంటాడు. వాడి పేరు నీలిపిడుగు. మావయ్య చిన్నప్పటి బొమ్మల సీరియల్లో హీరో. ఆ సీరియల్ ఇంటర్నెట్‌లో మళ్ళీ దొరికినప్పటి నుంచీ, యాభై దాటిన ఈ పెద్దమనిషి ఆఫీసు నుంచి రాగానే ముందుగది తలుపు వేసుకుని, శబ్దం బాగా తగ్గించి, మెడ చాచుకుని కూర్చుంటున్నాడు. బెల్లు మోగిందా, నీలిపిడుగు మాయం, అల్పపీడనం ప్రత్యక్షం.

“ఇన్ని వాతావరణ వార్తలు చూసే మనిషి గొడుగు పట్టుకెళ్ళిన పాపాన పోలేదు, వానొచ్చిన ప్రతిసారీ తడిసే వస్తాడు” అంటుంది మా అత్తయ్య.

ఇందులో అంత దాచుకోవడానికేముంది అని మీరు అడగవచ్చు. మావయ్య ఉద్యోగం అలాంటిది. ఆయన కోర్టులో పనిచేస్తాడు. బోనెక్కిన ప్రతి సాక్షి చేతా ప్రమాణం చేయించేది ఆయనే. నిజం తప్ప మరొకటి చెప్పనని ఆయన ఒక్కో మాటా అందిస్తుంటే, అబద్ధాన్ని బట్టీ పట్టి వచ్చినవాళ్ళు కూడా గుటక వేస్తారట. ఇంట్లోనూ అదే గొంతు. ఆయన ఉప్పు అడిగితే లేచి నిలబడి అందించాలనిపిస్తుంది. ఆ గొంతున్న మనిషి చెడ్డీ వేసుకున్న బొమ్మ కోసం తలుపు గడియ పెట్టుకుంటున్నాడంటే ఎంత నామోషీ.

ఒకసారి కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు, పాపం మంచి మనసుతోనే, ఇందాక కిటికీలోంచి చూశానని, అది మంచుకొండ మీద కొట్లాట కదా, తనకూ చాలా ఇష్టమని చెప్పాడు. మావయ్య తొణకలేదు.

“అది వాతావరణమే. మంచు కురుస్తోంది” అన్నాడు.

ప్లంబరు కుళాయి బిగించి, చలి జాగ్రత్త సార్ అని చెప్పి వెళ్ళాడు.

ఆయన సిగ్గు ఒక ఎత్తు, నాది మరో ఎత్తు. నేను ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘంలో పనిచేస్తాను. ఎవడో ఒక బలవంతుడు పైనుంచి ఊడిపడి కాపాడతాడు, జనమేమో కింద నిలబడి చప్పట్లు కొడతారు. ఇలాంటి కథల మీద పెరిగినవాళ్ళు జీతాలు ఆగినా ఆకాశం వైపే చూస్తూ కూర్చుంటారని నేను ప్రతి మీటింగులోనూ చెబుతాను. మా మావయ్యను ఎరిగినవాళ్ళు అప్పుడు తలలు వంచుకుని నవ్వు ఆపుకునేవారు. నా చెవులు కాలిపోయేవి. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

“మావయ్యా, మీ నీలిపిడుగు జేబుదొంగల్నే ఎందుకు తంతాడు? కూలి ఎగ్గొట్టిన యజమానిని ఒక్కణ్ణయినా తన్నాడా?”

మావయ్య టీవీ వైపు తిరిగి, రేపు ఈదురుగాలులు వీచే అవకాశం ఉందన్నాడు.

ఒక్క సంగతి మాత్రం మా అత్తయ్యకు అంతుపట్టేది కాదు. ఇష్టమైనది చూసేవాళ్ళు నవ్వుతారు, కేకలు పెడతారు. ఈయన పోయిన తాళంచెవి వెతుక్కుంటున్నవాడిలా చూసేవాడు. నీలిపిడుగు వస్తే గబగబా ముందుకు జరిపేసేవాడు. ఆ సీరియల్లో లైట్‌హౌస్ కాపలాదారు కూతురు ఒకతి ఉంటుంది. ఆ అమ్మాయి కనబడగానే ఆపి, మొదటినుంచీ చూసి, నిట్టూర్చి ఇంకొకటి పెట్టేవాడు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మావయ్యకు ఆమె సొంత అక్క. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసింది. ఆవిరితో నడిచే ఆ యంత్రానికి చేతులు లోపలికి పోకుండా ఉండాల్సిన అడ్డుకమ్మీ విరిగిపోయింది. మోచేతుల దాకా కాలిన ఆడవాళ్ళకు మందు రాసి మళ్ళీ అదే యంత్రం ముందు నిలబెట్టేవారు. అమ్మ ఒకరోజు వెళ్ళి ఆవిరి గొట్టం చక్రం తిప్పి మూసేసింది. దానికి వీపు ఆనించి నిలబడింది. సూపర్‌వైజరు తిట్టాడు, బతిమాలాడు. కమ్మీ వేశాకే అక్కణ్ణుంచి కదిలింది.

అంత ధైర్యం ఎక్కడిదని ఎవరడిగినా అమ్మ జవాబు ఒకటే. చిన్నప్పుడు ఒక బొమ్మల సీరియల్ వచ్చేదట. అందులో నీలిపిడుగును కట్టి పడేసి దుర్మార్గులు ఆనకట్ట తలుపులు తెరుస్తారట. అప్పుడు ఆ లైట్‌హౌస్ పిల్ల ఒంటిచేత్తో చక్రం తిప్పి నీళ్ళు ఆపుతుందట. తను కళ్ళతో చూడలేదు. టీవీ ఉన్న ఇంటివాళ్ళు వీధి పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. గోడకు పైన చిన్న వెంటిలేటరు ఉండేది. అమ్మ గోడను పట్టుకుని నిలబడితే, తమ్ముడు ఆమె భుజాలెక్కి చూస్తూ కింద ఉన్న అక్కకు కథ చెప్పేవాడు. సంఘంలో చేరిన ప్రతి కొత్త అమ్మాయీ ఈ కథ విన్నదే.

అమ్మ రిటైరవుతోందంటే సన్మానసభ పెట్టాం. ఆ ఆనకట్ట భాగాన్ని అందరికీ చూపిద్దామన్న ఆలోచన నాదే. ఇన్నాళ్ళూ వెక్కిరించిన సీరియల్ కోసం మావయ్యకే ఫోన్ చేయాల్సి వచ్చినందుకు సిగ్గుపడుతూనే చేశాను. ఆయన, ఆ రోజు తుఫాను రావచ్చు, సభ వాయిదా వేసుకోండి అన్నాడు.

మర్నాడు కోర్టులో ప్రమాణం చేయిస్తూ నిజం అన్న మాట దగ్గర దగ్గు తెర పట్టుకుని ఆగిపోయాడట. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. తడిసే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, బోనులో ఉన్నట్టు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, నేను నీకు తప్పుడు సాక్ష్యం చెప్పాను.”

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది.

“ఆ పిల్ల చక్రం తిప్పలేదు. ఏ భాగంలోనూ ఏమీ చేయలేదు. సీరియల్ దొరకగానే ముందు ఆనకట్టే చూశాను. అరుస్తూ నిలబడింది, నీలిపిడుగే వచ్చి ఆపాడు. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను అక్కా. ఇంకెక్కడైనా ఏదైనా చేసిందేమోనని అన్నీ వెతుకుతున్నాను.” ఆయన గొంతులో కోర్టు లేదు. “కింద నీ భుజాలు వణుకుతుండేవి. నన్ను మోస్తున్నదానివి, ఆడపిల్ల అరవడం తప్ప ఏమీ చేయట్లేదని నీకెలా చెప్పను? సిగ్గేసింది.”

నా తల నేలలోకి దిగిపోయింది. బలవంతుడి కథలు విని చెడిపోయాడని నేను తిట్టుకున్న మనిషి, చెడ్డీల వయసులోనే ఆ బలవంతుడి పని లాక్కుని వాళ్ళక్కకు ఇచ్చేశాడు.

అమ్మ చేట పక్కన పెట్టింది.

“గోడ నా కళ్ళకు అడ్డంరా, చెవులకు కాదు. ఆ పిల్ల కాపాడండో అని గోల పెట్టడం ప్రతివారం వింటూనే ఉన్నాను. నువ్వేమో పైనుంచి, అక్కా, తన్నేసింది, తిప్పేసింది అంటున్నావు.”

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. “మరి అబద్ధమని అప్పుడే అనలేదేం?”

“అంటే ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెడతావుగా. దానికోసమైతే నిన్నెందుకు మోస్తాను?”

సభ అనుకున్న రోజే జరిగింది. తుఫాను రాలేదు. మావయ్య టీవీనే హాలుకు మోసుకొచ్చాం. ఆనకట్ట భాగం పెట్టమని, శబ్దం పూర్తిగా తీసేయమని, మైకు తమ్ముడికివ్వమని అమ్మ చెప్పింది. తెర మీద లైట్‌హౌస్ పిల్ల నోరు తెరిచి నిలబడి ఉంది. మావయ్య గొంతు సవరించుకుని, ఆ అమ్మాయి దుర్మార్గులందరికీ అక్కణ్ణుంచి కదలమని హుకుం జారీ చేస్తోందని ప్రకటించాడు. లాండ్రీ ఆడవాళ్ళు విరగబడి నవ్వారు, ఈలలు వేశారు. ఆయన ముఖం ఎర్రబడింది గానీ మైకు వదల్లేదు.

సరిగ్గా ఆ పిల్ల చక్రం దాకా వచ్చేసరికి హాలు తలుపు తెరుచుకుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళెవరో తొంగిచూశారు. మావయ్య చెయ్యి దానంతటదే రిమోటు నొక్కేసింది. టీవీలో తీరానికి దూరంగా అల్పపీడనం తిరుగుతోంది.

అమ్మ మెడలో దండ సర్దుకుంది.

“వాన సంగతి తర్వాత చూద్దాంలేరా. ఆ పిల్ల ఏం చేసిందో చెప్పు.”